ఆకాశం నుంచి ఆకు కనిపిస్తాది, గింజ కనిపించదు: పంటల బీమా వందేళ్ల కథ

ఈమధ్య కళింగపట్నం చుట్టుపక్కల ఎవరిని కదిపినా ఒకటే మాట. "ఇక పంట కోత ప్రయోగాలు ఉండవంట, ఉపగ్రహమే చూసి బీమా లెక్క కడతాదంట." ఇంకొకరేమో "మన సర్వే నంబరు మీద పైనుంచి కన్నేసి ఉంచుతారంట" అంటున్నారు. రెండింటిలోనూ సగమే నిజం. ఇది ఎక్కడ మొదలై ఇక్కడిదాకా వచ్చిందో తెలిస్తే మనకి లాభమెక్కడ, నష్టమెక్కడ అన్నది తేలుతుంది. పోస్టు కాస్త పెద్దది, ఓపికగా చదవండి.

పంటల బీమాలో మొదటినుంచీ చిక్కు ఒక్కటే. నష్టం ఎంత అని ఎవరు చెప్పాలి? రైతుని అడిగితే ఎక్కువ చెప్తాడని కంపెనీ భయం. కంపెనీని అడిగితే తక్కువ చెప్తుందని మన భయం. మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి అనే ఆయన 1920లోనే దీని మీద ఒక పుస్తకం రాశారు. ఒక్కొక్క రైతు చేను చూసి నష్టం కట్టడం మన దేశంలో కుదిరే పని కాదు, ఆ ప్రాంతంలో పడిన వాన లెక్కని బట్టి డబ్బు ఇవ్వండి అన్నారు. వందేళ్ల కింద! ఆయన మాట అప్పట్లో అమలు కాలేదు.

1972-73లో గుజరాత్‌లో హెచ్-4 పత్తికి ఒక్కొక్క రైతు లెక్కన బీమా పెట్టి చూశారు. చేరిన రైతులు తక్కువ, కట్టిన పరిహారం ఎక్కువ. అది నిలబడలేదు. తరవాత ప్రొఫెసర్ వి.ఎం. దండేకర్ చెప్పిన పద్ధతిలో 1979లో ప్రయోగాత్మక పథకం వచ్చింది. రైతుని వదిలేసి ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకోమన్నారు ఆయన. 1985 ఖరీఫ్‌లో వచ్చిన సమగ్ర పంటల బీమా, 1999-2000 రబీలో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్‌లో వచ్చిన ఫసల్ బీమా, అన్నీ ఆ దారిలోనే నడిచాయి. యూనిట్ మాత్రం చిన్నదవుతూ ఊరిదాకా వచ్చింది.

ఇందులో మనకి తగిలే దెబ్బ ఏటంటే, యూనిట్ మొత్తం బాగుండి నీ మడి ఒక్కటే పోతే రూపాయి రాదు. వంశధార సముద్రంలో కలిసే ఈ చోట పల్లం మడికీ మెట్ట చేనుకీ ఎంత తేడానో మీకు చెప్పక్కర్లేదు. గొట్టా బ్యారేజి గేట్లెత్తితే ఒకరి చేను చెరువైపోతుంది, గట్టు అవతల పక్కోడి చేను పచ్చగా నవ్వుతుంది. సగటు కట్టేవాడికి ఈ రెండూ ఒకటే ఊరు.

ఆ సగటు కట్టేది పంట కోత ప్రయోగంతో. 1940లలో మహలనోబిస్, సుఖాత్మే అనే ఇద్దరు గణాంక పండితులు దీనికి పునాది వేశారు. ఎంత మడి కోసి చూస్తే చాలు అన్న దాని మీద ఇద్దరికీ పెద్ద వాదమే నడిచింది. ముక్క మరీ చిన్నదైతే అంచు మొక్కలు కూడా లోపల కలిసిపోయి దిగుబడి ఎక్కువ కనిపిస్తుందని సుఖాత్మే చూపించారు. ఇప్పుడు వరికి 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు ముక్క కోస్తారు. మన లెక్కలో అర సెంటు పైచిలుకు. ఊరికి అలాంటివి 4. నాలుగూ కలిపితే రెండున్నర సెంట్లు. అంటే 500 ఎకరాల ఊరి జాతకం రెండున్నర సెంట్లలో తేలిపోతుంది! ఆ నాలుగు ముక్కలూ రోడ్డు పక్క మంచి చేలల్లో పడితే మరి మన గతేటి?

ఇక ఆకాశం సంగతికి వద్దాం. మన దేశంలో పైనుంచి పంటని చూడటం కొబ్బరితో మొదలైంది. ఉద్దానం సోదరులు ఇది గుర్తుపెట్టుకోండి. 1970 ప్రాంతంలో పి.ఆర్. పిషారోటి అనే శాస్త్రవేత్త కేరళలో వేరు ఎండు తెగులు పట్టిన కొబ్బరి తోటల మీద హెలికాప్టర్ తిప్పి, కంటికి కనపడని పరారుణ కాంతిని పట్టే ఫిలింతో ఫోటోలు తీయించారు. తెగులు పట్టిన చెట్టు ఆ ఫోటోలో వేరే రంగులో కనిపించింది. రెండోది మన రాష్ట్రంలోనే. 1974-75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి అనంతపురం జిల్లాలోనూ పంజాబ్ పాటియాలా జిల్లాలోనూ విమానంతో పంటల సర్వే చేశాయి. ఆ 1974లోనే హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ పుట్టింది. 1979లో షాద్‌నగర్ కేంద్రం అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు అందుకోవడం మొదలుపెట్టింది. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ వెళ్లింది.

మరి అప్పటినుంచే బీమాకి ఎందుకు వాడలేదు అంటారా? సెంట్లలో చెప్తే తేలిగ్గా తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రం గళ్ల దుప్పటి లాంటిది, ఒక గడిలో ఉన్నదంతా కలిపి ఒకటే రంగు. మొదటి ల్యాండ్‌శాట్ గడి ఎకరంన్నర పైమాటే. ఐఆర్ఎస్-1ఎ పెద్ద కెమెరా గడి 130 సెంట్లు, చిన్నదానిది 32 సెంట్లు. అరెకరం, పావెకరం మళ్లు ఉన్న మన జిల్లాలో ఆ గడిలో నీ వరి, వాడి నువ్వులు, మధ్యలో గట్టు మీద తాడిచెట్టు, అన్నీ ఒకటే ముద్ద. 2015లో యూరప్ వాళ్లు పంపిన సెంటినెల్-2 గడి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. చిత్రమేటంటే మన నాలుగు కోత ప్రయోగాలు కలిపితే ఎంతో, ఈ ఒక్క గడి అంతే. 500 ఎకరాల ఊరికి అలాంటి గళ్లు 20 వేలు పైన. పైగా చిత్రాలు ఉచితం.

అయినా ఒక అడ్డు మిగిలింది, మబ్బు. ఉభాలప్పుడు మబ్బు, పొట్ట దశలో మబ్బు, తుపానుకి చెప్పనక్కర్లేదు. మబ్బుని దాటి చూసేది రాడార్ ఉపగ్రహం. మనది రిశాట్-1 2012లో, యూరప్‌ది సెంటినెల్-1 2014లో వెళ్లాయి. రాడార్ తన తరంగాన్ని తానే కిందకి కొట్టి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. రాత్రి అయినా పనిచేస్తుంది. దమ్ము పట్టి నీరు నిలిపిన మడి అద్దంలా ఉంటుంది, తరంగం పక్కకి జారిపోతుంది, చిత్రంలో నల్లగా పడుతుంది. నాట్లు పిలకలు వేసేకొద్దీ తెల్లబడుతుంది. ఈ నలుపు తెలుపు వరసని చూసే ఇది వరి, ఎప్పుడు ఊడ్చారు అన్నది చెప్పగలుగుతున్నారు. మన పంటకి ఇంతకంటే నప్పిన పనిముట్టు లేదని నా అభిప్రాయం.

2012లో ఢిల్లీలో మహలనోబిస్ పేరు మీద జాతీయ పంటల అంచనా కేంద్రం పెట్టారు. 2015లో పంటల బీమాకి ఉపగ్రహాలు వాడే 'కిసాన్' ప్రాజెక్టు మొదలైంది. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకి 'యెస్-టెక్' అనే పద్ధతి తెచ్చారు. దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం బరువు ఉపగ్రహం లాంటి సాంకేతిక అంచనాది, మిగిలింది కోత ప్రయోగానిది. అంటే కోత ప్రయోగం పోలేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. హామీ దిగుబడి 20 బస్తాలు, బీమా మొత్తం 40 వేలు. కోత ప్రయోగంలో 18 వచ్చింది. అదొక్కటే చూస్తే 10 శాతం నష్టం, 4,000 రూపాయలు. ఉపగ్రహం 14 అంటే కలిపిన దిగుబడి 16.8, మనకి 6,400. అదే ఉపగ్రహం 21 అంటే 18.9, చేతికి 2,200. అది మన పక్షమూ కాదు, కంపెనీ పక్షమూ కాదు. అది ఏం చూడగలదు, ఏం చూడలేదు అన్న దాని మీదే ఉంది అంతా.

ఈ తీరానికి అసలు భయం ఇక్కడే. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న మన కళింగపట్నానికి 20 కిలోమీటర్ల ఉత్తరాన దాటింది. ఈ తుపాన్లు వచ్చేది ఎప్పుడు? మన వరి పొట్ట మీదో, ఈనికలోనో ఉన్నప్పుడు. ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి తోట పైనుంచి కనిపిస్తుంది. వారం నిలిచిన నీరు కనిపిస్తుంది. కానీ పూత మీద గాలివాన కొడితే ఏమవుతుంది? ఆకు పచ్చగానే ఉంటుంది, మొక్క నిలబడే ఉంటుంది, కంకి మాత్రం తాలు. ఉపగ్రహ లెక్క ప్రధానంగా పచ్చదనం, మొక్క ఒత్తు చూసి, అందులో ఇంత భాగం గింజ అని కట్టేది. తాలు పోయిన ఏడాది ఆ భాగమే పడిపోతుంది. అది చేత్తో కంకి నలిపినవాడికి తెలుస్తుంది గానీ 700 కిలోమీటర్ల పైనున్నదానికి తెలియదు. అందుకే కోత ప్రయోగం తీసేయమని మనలో ఎవరైనా అడుగుతుంటే దయచేసి ఆగండి. అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ నాలుగు ముక్కలు ఎక్కడ కోయాలో ఉపగ్రహ చిత్రం చూసి ఎంచమనండి, బాగున్న చేను, దెబ్బతిన్న చేను రెండూ పడేలాగ. 'కిసాన్' ప్రాజెక్టు చూపించిన దారుల్లో అదీ ఒకటి.

మునక సంగతి వేరే. 2018లో వరి మునకని స్థానిక విపత్తుల జాబితా నుంచి తీసేశారు, వరి నీళ్లలో బతికే పంటే కదా అని. నీళ్లలో బతుకుతుంది సరే, నీళ్ల కింద ఎన్నాళ్లు బతుకుతుంది? 2026 ఖరీఫ్ నుంచి దాన్ని మళ్లీ చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఇది ఊరి సగటు కాదు, ఎవరి చేను లెక్క వాళ్లది. మన పల్లం రైతులకి ఇది పెద్ద మాట. కానీ 72 గంటల్లో యాప్‌లో, చోటు నమోదయ్యే ఫోటోతో తెలియజేయాలి. సెంటినెల్-1 లాంటిది ఒక్కటే ఉంటే సరిగ్గా అదే దారిలోకి మళ్లీ రావడానికి 12 రోజులు. మన దగ్గర నీరు మూడో రోజుకే దిగిపోతే దానికి కనపడకపోవచ్చు. కాబట్టి ఈ-పంటలో మీ సర్వే నంబరు, పంట పేరు సరిగ్గా ఎక్కాయో లేదో ఉభాలు అవగానే చూసుకోండి. కౌలుకి చేసేవాళ్లు మరీ ముఖ్యంగా. నీరు ఎక్కిన రోజే, గట్టు కనిపించేలా ఫోటో తీయండి.