వస్త్రపుష్పముల చరిత్రము

పువ్వు వాడును. వాడని పువ్వును సృజింపవలెనను కోరిక మానవునకు మిక్కిలి ప్రాచీనమైనది. వాత్స్యాయనుడు పేర్కొన్న చతుష్షష్టి కళలలో మాల్యగ్రథనవికల్పములును, శేఖరకాపీడయోజనమును కలవు. కాని అవి అప్పుడే కోసిన పువ్వులకు సంబంధించిన విద్యలు. మన పెండ్లి బాసికములకు బెండుతో పువ్వులు చేయుట వాడని పువ్వును కోరుటయే. గుడ్డను రేకులుగా తీర్చి పువ్వులుగా కూర్చుట మాత్రము పందొమ్మిదవ శతాబ్దమున పారిసు, లండను, న్యూయార్కు నగరములలో గొప్ప పరిశ్రమయయ్యెను. వేలకొలది స్త్రీలు దానివలన జీవించిరి. కావున ఆ పువ్వు చరిత్రము అలంకారచరిత్రము మాత్రమే కాదు, శ్రమచరిత్రము కూడ.

ఆ పని తీరు తెలిసిననేగాని దాని కష్టము తెలియదు. మొదట సన్నని నూలుగుడ్డకో పట్టునకో గంజిగాని జెలటినుగాని పట్టించి బిగువుగా ఆరవేయుదురు. పిమ్మట దానిని పొరలుగా పేర్చి, రేకు ఆకారముగల ఇనుప అచ్చునుంచి సుత్తెతో మోదుదురు. ఒక్క దెబ్బకు అనేక రేకులు తెగును. వానికి కుంచెతో రంగు వేసి ఆరనిత్తురు. కొనయందు గుండుగల పనిముట్టును కాచి, మెత్తని దిండుపై నుంచిన రేకును ఒత్తగా అది దొప్పవలె వంగును. చల్లారిన పిదప ఆ వంపు నిలుచును. వేడి చాలనిచో వంపు నిలువదు, మించినచో గుడ్డ కమురును. తుదకు తీగెకు కేసరములు కట్టి, లోపలినుండి వెలుపలికి రేకు వెంట రేకు అంటింపవలెను. అచ్చు రేకులను కోయగలదుగాని పువ్వును కూర్పజాలదు. కూర్చునది చేయియే. పనిముట్లు స్వల్పములగుటచే ఈ పని కర్మాగారమును విడిచి బీదల యిండ్లలోనికి సులభముగా ప్రవేశించెను.

పువ్వునకు ఆకు కావలెను. ఆకునకు పచ్చదనము కావలెను. స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షీలే 1775లో కనిపెట్టిన ఆకుపచ్చ వర్ణమును, తరువాత 1814లో వచ్చిన మఱింత మెఱపుగల వర్ణమును ఆర్సెనికుతో, అనగా పాషాణముతో, చేయబడినవి. 1861 నవంబరు 20వ తేదీన లండనులో మటిల్డా ష్యూరర్ అను 19 ఏండ్ల యువతి మరణించెను. గుడ్డ ఆకులపై ఆ పచ్చని పొడిని చల్లుట ఆమె వృత్తి. కడపటి దినములలో ఆమె కంటి తెల్లగ్రుడ్లు సైతము పచ్చనయ్యెను. తాను చూచునదెల్ల పచ్చగానున్నదని ఆమె వైద్యునితో చెప్పినదట. శవపరీక్షలో ఊపిరితిత్తులందును కాలేయమందును పాషాణము కనబడెను. స్త్రీల ఆరోగ్యసంఘమువారు హోఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞునిచే పరీక్ష చేయించిరి. ఒక్క శిరోభూషణమునందలి పాషాణము ఇరువదిమందిని చంపజాలునని ఆయన 1862 ఫిబ్రవరిలో టైమ్సు పత్రికయందు ప్రకటించెను. అయినను ఆ వర్ణమును నిషేధించు శాసనము ఇంగ్లండున అప్పుడు వెలువడలేదు. కొనువారు భయపడుటచేతనే దాని వాడుక క్రమముగా తగ్గెను. చేయువారి ప్రాణముకంటె కొనువారి భయమే బలవత్తరమైన శాసనమైనది!

న్యూయార్కులో విషము వేఱు రూపము దాల్చెను. అచట ఇఱుకైన అద్దెయిండ్లలో తల్లియు పిల్లలును ఒక్క బల్లచుట్టు చేరి, 144 పువ్వుల గ్రోసునకు ఇంతయని కూలి పుచ్చుకొని వయొలెట్టు పువ్వులను కూర్చుచుండిరి. 1908 మొదలు జాతీయ బాలశ్రమసంఘమున పనిచేసిన లూయిస్ హైన్ తీసిన ఛాయాచిత్రములలో బడికి పోవలసిన బిడ్డలును, బడియీడు రాని బిడ్డలును ఆ బల్లయొద్ద కనబడుదురు. మేరీ వాన్ క్లీక్ ఈ పరిశ్రమను విచారించి 1913లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిలో జరుగు పని గృహకృత్యమువలె తోచుటచే శాసనదృష్టి దానిపై ప్రసరింపదు. ఈ వ్యవసాయమునకు మూలదోషమిదియే.

అదే పువ్వు మఱియొకచో ఆధారమయ్యెను. జాన్ గ్రూమ్ 1866లో లండనులో పువ్వులమ్ము బాలికలకై ఒక ధర్మసంస్థను నెలకొల్పెను. అంగవైకల్యముగల బాలికలకు అందు గుడ్డపువ్వులు చేయుట నేర్పబడెను. 1912 జూనులో అలెగ్జాండ్రా రాణి పేర జరిగిన తొలి గులాబిదినమున వీథులలో అమ్మిన గులాబీలు వారు చేసినవే. ప్రథమ ప్రపంచయుద్ధానంతరము 1921 నవంబరు 11వ తేదీన బ్రిటిషు లీజియనువారు గుడ్డ పాపీపువ్వులను అమ్మి లక్షకు పైబడిన పౌనులు కూర్చిరి. మఱుసటి సంవత్సరము మేజరు జార్జి హౌసన్ లండనులో ఐదుగురు వికలాంగులైన మాజీసైనికులతో పాపీ కర్మశాలను ప్రారంభించెను. ఒక చేయి కోల్పోయినవాడు సైతము కూర్పగలుగునట్లు ఆ పువ్వు రూపింపబడెను. ఇచట పని మనుష్యునికి తగినట్లు దిద్దబడినది. అద్దెయింటిలో మనుష్యుడే పనికి తగినట్లు వంపబడెను.

ఇది పరదేశపు కథయని మనము త్రోసివేయరాదు. మన నర్సాపుర ప్రాంతమున లేసు అల్లు స్త్రీలను గూర్చి మరియా మీస్ 1982లో గ్రంథము వ్రాసెను. విదేశములకు ఎగుమతియగు వస్తువును అల్లుచున్నను వారు కార్మికులుగా గాక గృహిణులుగా లెక్కింపబడిరనియు, వారి శ్రమ తీరికవేళల కాలక్షేపముగా భావింపబడెననియు ఆమె చూపెను. అంతర్జాతీయ కార్మికసంస్థ 1996లో ఇంటిపనివారిని తక్కిన కూలివారితో సమానముగా చూడవలెనని ఒడంబడిక చేసినది.

అట్లయిన అలంకారమును మానవలెనా యని కొంద ఱడుగవచ్చును. మానిన కూడు పోవునది కొనువారికి కాదు, చేయువారికి. కావున మానుట ధర్మము కాదు, విచారించుట ధర్మము. ఈ పువ్వు నెవరు చేసిరి, ఎంత కూలికి చేసిరి, వారి బిడ్డ బడికి పోవుచున్నదా యని అంగడిలో అడుగుట మన స్త్రీపురుషులు నేర్వవలెను. వెల యడుగుటకు సిగ్గుపడని మనము కూలి యడుగుటకు సిగ్గుపడనేల?