ఇసుక ప్రయాణము – రెండు ఓడరేవుల కథ

సముద్రపుటొడ్డున కొంతసేపు నిలిచి చూచినవారికి అలలు ఇసుకను ముందుకు తెచ్చుచు, వెనుకకు లాగికొనుచు ఉన్నట్లు కనిపించును. ఆ ఇసుక ప్రక్కకు కూడ, తీరము వెంబడి, సాగిపోవుచున్నదన్న సంగతి అంత సులభముగా కంటికి తెలియదు. బంగాళాఖాతపు పశ్చిమ తీరమున ఆ సంగతి ఒక ఓడరేవును కట్టిన తరువాతనే అందరికి బోధపడినది.

చెన్నపట్నమునకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొని నిలిచేవి. సరకులను, ప్రయాణికులను మసూలా పడవలలో కెరటముల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. పలకలను కొబ్బరి త్రాళ్లతో కుట్టి చేసిన ఆ పడవలలో బట్టలు తడవకుండ దిగినవాడు అదృష్టవంతుడే. ఈ ఇబ్బందిని తొలగించుటకు 1875లో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. ఒడ్డునుండి సముద్రములోనికి రెండు చేతులు చాచినట్లుగా రాతి అడ్డుకట్టలను నిర్మించినారు. 1881 నవంబరులో వచ్చిన తుఫాను ఆ కట్టడమును తీవ్రముగా దెబ్బతీసినది. తుఫాను చేసిన నష్టమును బాగుచేసికొనవచ్చును. కట్టకు దక్షిణమున నిశ్శబ్దముగా చేరుచున్న ఇసుక సంగతి వేరు. అది ఏనాడును ఆగలేదు.

ఇసుక ఎందుకు అట్లు నడచును? అల ఒడ్డునకు సూటిగా రాక కొంచెము ఏటవాలుగా వచ్చినదనుకొందము. ఇసుక రేణువును అది ఏటవాలుగానే పైకి నెట్టును. నీరు తిరిగి దిగునపుడు మాత్రము వాలును అనుసరించి దాదాపు తిన్నగా దిగును. రేణువు బయలుదేరిన చోటికి రాక ఒక అడుగు ప్రక్కన చేరును. మరియొక అల, మరియొక అడుగు. రంపపు పండ్లవలె సాగు ఈ నడకకు తోడు, కెరటములు విరుగు తావున తీరము వెంబడి ఒక ప్రవాహము కూడ ఏర్పడి, కలగిన ఇసుకను మోసికొనిపోవును. వెడల్పాటి పళ్ళెములో ఇసుకను వాలుగా పేర్చి, నీరు పోసి, చిన్న చెక్కతో ఏటవాలుగా అలలు రేపినచో తరగతిలోనే దీనిని చూపవచ్చును. ఒకచోట రంగు ఇసుక చల్లిన ఎటు పోవునో స్పష్టముగా తెలియును.

మన తూర్పు తీరమున మార్చి మొదలు అక్టోబరు వరకు అలలు ముఖ్యముగా దక్షిణపు దిక్కునుండి వచ్చును. అప్పుడు ఇసుక ఉత్తరమునకు నడచును. ఈశాన్య ఋతుపవన కాలమున వెనుకకు మరలును గాని ఆ కాలము కొద్దిది. జమాఖర్చులు చూడగా మిగులు ఉత్తరమునకే. చెన్నపట్నము వద్ద ఇది ఏటా సుమారు 10 లక్షల టన్నులని అంచనా వేసినారు.

ఈ ప్రవాహమునకు రాతికట్ట అడ్డుపడినది. దక్షిణమున ఇసుక పేరుకొని ఒడ్డు సముద్రములోనికి జరిగినది. మెరీనా తీరము నేటి వెడల్పును పొందుటకు ఇదియే ముఖ్య కారణము. ఉత్తరమున రాయపురము వైపు అలలు ఇసుకను ఎప్పటివలె తీసికొనిపోవుచునే యున్నవి గాని, దాని స్థానమున వచ్చి చేరవలసిన ఇసుక రాలేదు. అక్కడ నేల కోసుకొనిపోయినది. రాళ్లు పోసి కాపాడుకొనవలసి వచ్చినది. నగరమునకు షికారు స్థలము దొరకినది, బెస్తవారి ఇండ్లకు సముద్రము దగ్గరయినది. ఓడరేవు ఖర్చులను లెక్కించునపుడు ఈ రెండవ దానిని ఎవరు ఏ పద్దులో వ్రాసినారో!

విశాఖపట్నమున నౌకాశ్రయమును నిర్మించినవారికి ఈ అనుభవము ముందే ఉన్నది. అక్కడ డాల్ఫిన్స్ నోస్ కొండ సహజమైన రక్షణ. కాని ఆ కొండను చుట్టి వచ్చు ఇసుక ప్రవేశమార్గమును పూడ్చివేయగలదు. అందుచేత మార్గమునకు దక్షిణమున, ఒడ్డునకు తగులకుండ, రెండు పాత ఓడలను ముంచి ద్వీపము వంటి అడ్డుకట్టగా చేసినారు. దాని చాటున అలల బలము తగ్గును. బలము తగ్గిన నీరు ఇసుకను మోయలేక అక్కడనే దింపును. ఓడల దారిలో పడవలసిన ఇసుకను ముందే ఒకచోట పట్టి, డ్రెడ్జరుతో తీయుటయే ఇందులోని ఉపాయము. రేవును 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించినాడు.

తీసిన ఇసుకను ఏమి చేయవలెను? లోతు సముద్రములో పారబోసినచో ఉత్తరపు బీచికి చెన్నపట్నపు గతియే పట్టును. కావున దానిని గొట్టముల ద్వారా ఉత్తరపు ఒడ్డునకు చేర్చు పద్ధతి వచ్చినది. ప్రకృతి నడిపించు ఇసుకను మనిషి రేవు దాటించుట యన్నమాట.

1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చినాడు. ఆయన, ప్రసాదరావు కలసి వాల్తేరు వద్ద బీచి ఎత్తుపల్లములను మరల మరల కొలిచి, ఋతువును బట్టి ఇసుక పోవుచు, తిరిగి చేరుచు ఉండునని 1954లో ప్రకటించినారు. ఒక్క నెలలో ఒడ్డు తరిగినంత మాత్రమున అది శాశ్వతముగా పోయినట్లు కాదు. ఏటేటా కొలిచిననే నిజమైన నష్టము తెలియును.

1970వ దశకములో బాహ్య నౌకాశ్రయపు పొడవైన కట్టలు వచ్చినవి. ఇసుకను దాటించవలసిన అవసరము తగ్గలేదు, పెరిగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన పిదప రామకృష్ణా బీచి బాగుగా కోతపడినప్పుడు, రేవు వద్ద త్రవ్విన ఇసుకనే తెచ్చి అక్కడ పోసినారు.