సింగపూర్ టు న్యూయార్క్.. 18 గంటలు గాల్లోనే! తేదీ చూసుకోకపోతే తిప్పలే

సింగపూర్ చాంగి ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకు దూరం సుమారు 15,300 కిలోమీటర్లు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మధ్యలో ఎక్కడా ఆగకుండా 18 గంటలకు పైనే ఎగురుతుంది. ఇందుకు వాడే ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్‌ఆర్‌లో ఉండేవి 161 సీట్లే. ఎకానమీ క్లాస్ అసలే లేదు.

అయితే టికెట్‌పై టైమ్ చూసి ప్రయాణాన్ని లెక్కేస్తే తప్పులో కాలేసినట్టే. న్యూయార్క్ గడియారం సింగపూర్ కంటే 12 గంటలు వెనక, చలికాలంలో 13 గంటలు. అర్ధరాత్రి ఎక్కితే అక్కడ తెల్లారేసరికి దిగుతారు. ఏడు గంటలు కూడా పట్టలేదే అనిపిస్తుంది!

అసలు తిరకాసు తిరుగు ప్రయాణంలో. సోమవారం రాత్రి బయల్దేరితే సింగపూర్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున. అక్కడి నుంచి హైదరాబాద్‌కు విడిగా టికెట్ తీసుకునేవాళ్లు మంగళవారానికి బుక్ చేస్తే ఆ ఫ్లైట్ మిస్సయినట్టే.