ధర్మకీర్తి సముద్రం మీద ఒంటి తెప్ప

మానుకోట చుట్టుపక్కల ఉప్పునీరు లేదు గానీ సముద్రాలున్నాయి. డోర్నకల్‌లో కాజీపేట వైపు బండెక్కితే మానుకోట దాటిన కాసేపటికి కేసముద్రం స్టేషన్ వస్తుంది. భూపాలపల్లి దిక్కున ఘనపురంలో గణపసముద్రం ఉంది. గార్ల మీదుగా బయ్యారం పోతే అక్కడ పెద్దచెరువు. శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం.

బయ్యారం పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ ఇనుప ఖనిజమూ ఉక్కు కర్మాగారం మాటా గుర్తుకొస్తాయి. చరిత్ర చదివినవాళ్లకు మాత్రం గుర్తొచ్చేది చెరువు శాసనం. 13వ శతాబ్దిలో కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ ఈ చెరువు తవ్వించి, ఆ సంగతితో పాటు తన పుట్టింటి వంశక్రమాన్నీ రాతి మీద చెక్కించింది. కాకతీయుల మూలపురుషుడు వెన్నరాజు పేరు చరిత్రకారులకు దొరికింది ఇక్కడే. ఆయన తర్వాతి ముగ్గురు గుండరాజులను ముగ్గురు రాములతో పోల్చిందీ ఈ శాసనమే. చెల్లెలు చెరువు తవ్విస్తే అన్న వంశచరిత్ర నిలిచింది. ఆడబిడ్డ పుట్టింటికి ఇంతకన్నా ఏం పెట్టగలదు?

రాజులూ వంశమూ పుణ్యమూ చోటు చేసుకున్న ఆ రాతి మీద లేని మనిషి ఒకడున్నాడు. నీళ్లు నిలిచిన నాటి నుంచి ఆ నీళ్ల మీదే బతికినవాడు. తెల్లారకముందే కట్ట దిగి, తనొక్కడికే చాలేంత తెప్పను నీళ్లలోకి తోసి, చప్పుడు కాకుండా శిఖం వైపు సాగిపోయేవాడు.

చెరువు నిండినప్పుడు నీళ్లు పరుచుకుని, ఎండాకాలం బయటపడే పల్చటి మేర శిఖం. కట్ట పక్కన నిలువులోతు నీళ్లుంటే శిఖంలో మోకాలిలోతు. చేపల బతుకంతా ఎక్కువగా ఆ మోకాలిలోతులోనే. ఎండ అడుగుదాకా దిగుతుంది, గడ్డీ నాచూ పెరుగుతాయి, పురుగులు పుడతాయి. తొలకరి కొత్తనీటికి చేపలు ఎదురెక్కి ఆ గడ్డిలోకే వచ్చి గుడ్లు పెడతాయి. కొర్రమట్ట గడ్డి మధ్య గూడు లాంటి జాగా చేసుకుని పిల్లలకు కాపలా కాస్తుంది. ఎర్రెర్రని పిల్లల గుంపు పైకి తేలితే తల్లిదండ్రులు ఆ కిందే ఉంటాయి. అది నీళ్లలోనే ఉన్నా గాలి పీల్చే చేప. మాటిమాటికీ పైకి రావాల్సిందే. వచ్చినప్పుడు నీటి మీద లేచే చిన్న సుడిని చూసి, కింద ఉన్నది కొర్రమట్టో జెల్లో చెప్పగలవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. బరువైన పడవ అక్కడ పనికిరాదు, అడుగు తగులుతుంది. మనిషి దిగి నడిస్తే బురద లేచి చేప బెదురుతుంది. అక్కడికి పోగలిగింది తెప్ప ఒక్కటే.

ప్రపంచంలో నీటి మీద అలికిడి లేకుండా వేటాడాల్సిన ప్రతిచోటా మనిషికి ఇలాంటి చిక్కే ఎదురైంది. ఉత్తర ధ్రువం దాపున ఇన్యూట్ జనం కొట్టుకొచ్చిన కర్రతో, ఎముకతో చట్రం కట్టి, సీల్ తోలు కప్పి కయాక్ చేసుకున్నారు. ఎక్కేవాడి ఒంటి కొలతలే దాని కొలతలు. ఆ పడవే ఇప్పుడు ప్లాస్టిక్‌ది అయ్యి, ఫ్లారిడా, టెక్సస్ తీరాల ఉప్పు పర్రల మీద గాలం వేసేవాళ్ల వేడుకైంది. ఆటుపోట్లు కనిపెట్టి, అలికిడి లేకుండా తెడ్డేస్తూ, నీటిపైకి లేచిన చేపతోకను వెతకడం వాళ్ల విద్య. బయ్యారం శిఖంలో తెప్పమీది మనిషి విద్యా అదే. ఒకరిది సెలవురోజు సరదా, ఇంకొకరిది పొద్దుటి బువ్వ.

తెలుగు నేల మీది ఉప్పు పర్రల్లోకెల్లా పెద్దది పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే దారికి రెండు పక్కలా పరుచుకున్న ఆ సరస్సు చాలాచోట్ల మనిషి నడుము కూడా తడవనంత పల్చన. పోటుకు సముద్రపు నీరు లోపలికొస్తుంది, వానకు ఏరునీరు కలుస్తుంది. ఆ కలిసిన నీళ్లలోనే రొయ్యపిల్ల పెరుగుతుంది. రాయదొరువు మొగ ఇసుకతో పూడితే పోటునీరు ఆగిపోతుంది, ఎండాకాలం సరస్సు బీటలు వారుతుంది. ఇరకం, వేనాడు దీవుల జాలర్లకు మొగ పూడడం పంట ఎండడంతో సమానం. మన దగ్గర తూము పూడితే రైతు పడే బాధే అది.

కృష్ణా గోదావరుల మధ్య కొల్లేటి జనానికి పడవ తాటిచెట్టు నుంచే వచ్చింది. మొదలు లావుగా ఉన్న తాటిమానును తొలిస్తే దోనె. ఒక్క దోనె తొణుకుతుందనుకుంటే రెండింటిని పక్కపక్కన చేర్చి కడితే సంగడి. మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖను నడిపిన జేమ్స్ హార్నెల్ మన దేశపు పడవల పుట్టుక మీద 1920లో పెద్ద వ్యాసమే రాశాడు. అంతకు చాలా ముందే, క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో, పేరు తెలియని గ్రీకు నావికుడొకడు రాసిన ‘పెరిప్లస్’లో తూర్పుతీరపు మానుపడవల మాట ఉంది. ఒంటిమాను దుంగలను జతచేసి కట్టిన ఆ పెద్ద పడవలను అక్కడివాళ్లు ‘సంగర’ అంటారని రాసుకున్నాడు. మన సంగడికి ఆ మాట చుట్టమేనని పండితులు చెబుతారు. తెలుగులో సంగడి అంటే తోడు కూడా, సంగడీడు అంటే స్నేహితుడు. నీళ్ల మీద ఒక దోనెకు ఇంకో దోనె తోడవడం, మనిషికి మనిషి తోడవడం ఒకే మాటలో ఇమిడిపోయాయి. నాకు ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

కాకతీయులకు రెండు రకాల సముద్రాలూ తెలుసు. చెల్లెలు ఇక్కడ మంచినీటి సముద్రం తవ్వించింది. అన్న గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఉప్పు సముద్రపు వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాతరాజులు దాన్ని దోచుకునేవారు. తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని ఆయన రాతి మీద మాట ఇచ్చాడు. దేశాంతరాల ఓడ యజమానికి అంత భరోసా దొరికింది. చెరువులో తెప్ప నడిపేవాడికి అలాంటి మాట ఇచ్చిన రాయి ఉంటే బాగుండేది.

ఆ తెప్ప ఏ కాలానికి ఏది చౌకో దానితోనే తయారైంది. పుల్లలు, బెండు, ఎండిన సొరకాయ బుర్రలు నీళ్ల మీద మనిషిని మోశాయి. కృష్ణ, గోదావరుల దగ్గర వెదురుతో అల్లి తోలు కప్పిన పుట్టి తిరిగింది. తర్వాత లారీ ట్యూబు వచ్చింది. ఇప్పుడు థర్మాకోల్. సరుకు ప్యాకింగుకు వచ్చిన దిమ్మెలను జతచేసి, సంచిపట్టా చుట్టి, తాడుతో బిగిస్తే మనిషి కూర్చోను జాగా, వల పెట్టుకోను జాగా ఏర్పడుతుంది. తెడ్డు ఒక చెక్కపలక. ఎక్కడం వచ్చినవాడికి అది కుర్చీ, రానివాడికి గండం. అంచు మీద కొంచెం బరువు పడ్డా తిరగబడుతుంది. నానిన వల కాలికి చుట్టుకుంటే ఈత వచ్చినవాడూ మునిగిపోతాడు. పైగా థర్మాకోల్ ఎండకు పెళుసుబారి పొడిపొడిగా రాలి నీళ్లలో కలుస్తుంది. చేప తినే చోటే అది తేలుతుంది.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలనుకున్నారు. ఆ మరుసటి ఏడు నుంచి ప్రభుత్వమే చేపపిల్లలను ఉచితంగా చెరువుల్లో వదలడం మొదలుపెట్టింది. కొర్రమట్టే కొర్రమీను పేరుతో రాష్ట్ర చేప అయింది. ఇవన్నీ ముదిరాజ్, గంగపుత్ర సంఘాలకు మేలు చేసే పనులే, కాదనను. కానీ చేపకు ఇచ్చిన విలువలో కొంతైనా తెప్పకు ఇవ్వాలి. తేలికగా ఉండి తిరగబడని, రాలిపోని ఒంటిమనిషి పడవ, దానితో పాటు ఒక లైఫ్ జాకెట్, ప్రతి చెరువు సంఘానికీ అందాలి. పర్యాటకులు ఎక్కే పడవలో లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ కూర్చోనివ్వం. అదే నీటి మీద ఏడాది పొడుగునా ఒంటరిగా తిరిగేవాడి ఒంటి మీద చొక్కా కూడా ఉండదు.

పొద్దెక్కేసరికి అతను వెనక్కి వస్తాడు. వలలో రెండు బొచ్చెలు, నాలుగు జెల్లలు, అదృష్టం బాగుంటే ఒక కొర్రమట్ట. చేపలను తడిగోనెలో చుట్టి, తెప్పను ఒక్కచేత్తో ఎత్తి నెత్తిన పెట్టుకుని, మైలాంబ వేయించిన కట్ట ఎక్కుతాడు. నీళ్లు కారుతున్న తెప్పను చెట్టుకు ఆనించి, చేపల సంచి పట్టుకుని రోడ్డు మీద బేరానికి నిలబడతాడు.