కొత్త వెర్షను ఎన్నాళ్ళకోసారి?

లినక్సు వాడే మనవాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే వాదన ఒకటుంది. కొత్త వెర్షను ఆరు నెలలకోసారి రావాలా, రెండేళ్ళకోసారి రావాలా, లేక సిద్ధమైనప్పుడు వస్తే చాలా? దీనికి జవాబు చరిత్రలోనే దొరుకుతుందని నా నమ్మకం.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ని బయటపెట్టిన కొత్తలో వెర్షన్లు వెంటవెంటనే వచ్చేవి. రాసేవాళ్ళే వాడేవాళ్ళు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. వాడేవాళ్ళు వేరయ్యాక చిక్కు మొదలైంది.

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌ది "సిద్ధమైతేనే విడుదల" అనే పద్ధతి. 2002 జులైలో 3.0 వచ్చింది. తరవాతి 3.1 వచ్చేసరికి 2005 జూన్ అయింది. పదకొండు రకాల ప్రాసెసర్ల మీద అన్నీ సరిగ్గా నడవాలి, కొత్త ఇన్‌స్టాలరు పూర్తవాలి. చివరి చుట్టం ఎక్కేదాకా కదలని పెళ్ళివారి బస్సన్నమాట! కెర్నెల్‌దీ అదే కథ. 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబరులో. ఈలోగా కంపెనీలు కొత్త సౌకర్యాలను ఎవరికివారు పాత కెర్నెల్‌లో అతికించుకున్నాయి. ఆలస్యమైనంత మాత్రాన భద్రత పెరగలేదు, అతుకులు పెరిగాయి.

2004 అక్టోబరులో ఉబుంటు వచ్చి బస్సుని రైలుగా మార్చింది. ఏప్రిల్లో ఒకటి, అక్టోబరులో ఒకటి. అందుకోలేనిది తరవాతి రైలెక్కాలి. ఇది దాని సొంత ఆలోచనేమీ కాదు. ఓపెన్‌బీఎస్‌డీ 1996 నుంచీ ఆరు నెలల లెక్క పాటిస్తోంది.

అయితే ఒక్కో వెర్షనుకి భద్రతా సవరణలు పద్దెనిమిది నెలలే వచ్చేవి. ఆ తరవాత మళ్ళీ మార్చుకోవాల్సిందే. అందుకే 2006లో, డెస్క్‌టాపుకి మూడేళ్ళు, సర్వరుకి అయిదేళ్ళు ఆదరణ ఉండే 6.06 తెచ్చారు. విచిత్రమేమంటే, దాన్ని సరిదిద్దుకోడానికి తేదీని ఏప్రిల్ నుంచి జూన్‌కి జరిపారు. రైలు కూడా ఆగాల్సిన చోట ఆగింది! అప్పట్నించీ అలాంటి వెర్షను రెండేళ్ళకోసారి వస్తోంది. మధ్యలో వచ్చేవాటి ఆదరణను 2013లో తొమ్మిది నెలలకు కుదించారు.

డెబియన్ వాళ్ళూ పాఠం నేర్చుకున్నారు. కొత్త మార్పులు చేర్చడం ఎప్పుడు ఆపాలో ముందే నిర్ణయిస్తామని 2009లో ప్రకటించారు. కానీ విడుదల మాత్రం తప్పులు తీరాకే. ఇప్పుడు సుమారు రెండేళ్ళకోసారి వస్తోంది. 12వది 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి. ఒక్కోదానికి మొత్తం అయిదేళ్ళ ఆదరణ ఉంటుంది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. కొత్తది ఎప్పుడొస్తుందన్నది సగం ప్రశ్నే. పాతదాన్ని ఎన్నాళ్ళు కాపాడతారన్నది మిగతా సగం. ఇక్కడి మన సంఘాల్లో, గుళ్ళలో, పిల్లల తెలుగు బడుల్లో కంప్యూటర్లు చూసుకునేది జీతగాళ్ళు కారు, సెలవురోజున వచ్చే ఒక్క మనిషి. ఆ మనిషికి ఆరు నెలల పరుగు భారం. మూడేళ్ళ నిరీక్షణ కూడా భారమే, కొత్తగా కొన్న యంత్రాన్ని పాత వెర్షను గుర్తుపట్టకపోవచ్చు. రెండేళ్ళకొకటి, దానికి అయిదేళ్ళ కాపు అంటే, మధ్యలో ఒక వెర్షను వదిలేసినా కొంప మునగదు.

ఉత్సాహవంతులు ఆరు నెలల రైలెక్కండి. తప్పులు ముందుగా బయటపడేది మీవల్లే. పదిమంది వాడే కంప్యూటరును మాత్రం నిదానంగా వెళ్ళే బండిలోనే ఉంచండి.