జొన్న రొట్టె భోజనం (పాలమూరు)

జొన్న రొట్టెతో పాటు పప్పు, పుంటికూర, పల్లీల పొడి, ఎల్లిపాయ కారం, పచ్చి ఉల్లిగడ్డ, పెరుగు ఒకే పళ్లెంలో వడ్డించే ఇంటి భోజనాన్ని జొన్న రొట్టె భోజనం అంటారు. పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా పునర్విభజనతో 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఇది చిరకాలపు ఆహారం.

దీని మూలం మెట్ట సేద్యంలో ఉంది. కృష్ణా, తుంగభద్రల మధ్య భూభాగమైన నడిగడ్డలోని రేగళ్లలోనూ, తక్కిన ఎర్ర చెలకలలోనూ వానను నమ్మి పండించిన జొన్న, కంది, వేరుశనగలే పళ్లెంలోకి చేరాయి. జూరాల వంటి ప్రాజెక్టుల నీటితో వరి విస్తరించాక రోజువారీ స్థానం అన్నానికి దక్కింది.

తయారీలో కష్టమంతా రొట్టెదే. జొన్నలో గోధుమకు సాగుడునిచ్చే గ్లూటెన్ ఉండదు గనుక పిండిని మరిగిన నీళ్లతో కలుపుతారు. ఆ వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురై ముద్దను పట్టి ఉంచుతుంది. ముద్దను అరచేతితో పలుచగా తట్టి, కాలిన పెంక మీద వేసి, పైభాగాన్ని నీటితో తడిపి, తిప్పి, చివరకు నిప్పు సెగకు పొంగనిస్తారు. పుంటికూర, అంటే కోస్తాలో గోంగూర, పప్పుకు పులుపునిస్తుంది. వేయించి దంచిన పల్లీలు నూనెనూ మాంసకృత్తులనూ అందిస్తాయి.

కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతపు బందేహా పైసా కూడా ఇటువంటి కలగలుపు పళ్లెమే. అందులో చిక్కుడు జాతి గింజలు, అన్నం, మాంసం, గుడ్డు, అరటి, మొక్కజొన్న రొట్టె ఉంటాయి. పాలమూరు పళ్లెంలో మాత్రం మాంసం పండుగలకే పరిమితం.