బిళ్ల మీద లేని పేరు

1939లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఒక బెంట్లీ కారు గంటసేపు ఆగకుండా తిరిగింది. గంట నిండేసరికి అది 114.64 మైళ్లు పోయింది. కిలోమీటర్లలో చెప్తే 184 పైమాటే. నడిపింది జార్జ్ ఐస్టన్, అప్పటికే నేల మీద వేగానికి ప్రపంచ రికార్డు కొట్టినవాడు. కారు మాత్రం రేసు కారు కాదు. ఒక ఆసామి ఊళ్లు తిరగడానికి చేయించుకున్న రెండు తలుపుల సొంత బండి. మామూలు 4¼ లీటర్ బెంట్లీని ఎంత తొక్కినా ఈ వేగం దరిదాపులకు కూడా రాదు. ఇంజనును కాస్త సవరించిన మాట నిజమే. కానీ అసలు తేడా పైన బిగించిన బాడీలో ఉంది. గాలిని ఎదిరించకుండా పక్కలనుంచి జారవిడిచే బాడీ అది.

ఆ కారును ఇప్పటికీ ఎంబిరికోస్ బెంట్లీ అనే పిలుస్తారు. ఆంద్రే ఎంబిరికోస్ దాన్ని కొన్నవాడు, పారిస్‌లో ఉండే గ్రీకు ధనవంతుడు. బాడీ కట్టింది పారిస్ పక్కనున్న రూయే మాల్‌మెజోన్‌లో మార్సెల్ పూర్తూ అనే ఆయన షెడ్డులో. ఛాసిస్ నంబరు బి27ఎల్‌ఈ. కొన్నవాడు, కట్టినవాడు, నడిపినవాడు, చివరికి ఛాసిస్ నంబరుతో సహా అన్నీ ఆ కారు ఎక్కడ ప్రస్తావనకు వచ్చినా వినపడతాయి. దాన్ని గీసిన మనిషి పేరు మాత్రం వెతుక్కోవలసి వస్తుంది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఆ కాలంలో ఖరీదైన కార్లు ఎలా తయారయ్యేవో చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కంపెనీ నుంచి వచ్చేది ఛాసిస్, ఇంజను, చక్రాలు. ఓనరు దాన్ని తనకు నమ్మకమున్న షెడ్డుకు తోలుకెళ్లి పైభాగమంతా కట్టించుకుంటాడు. ఐరోపాలోనూ అంతే. ఒకప్పుడు గుర్రబ్బగ్గీలు చేసిన షెడ్లే తర్వాత కార్లకు బాడీలు కట్టాయి. ముందు గట్టి చెక్కతో అస్థిపంజరం లాంటి ఫ్రేము చేస్తారు. అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి, వంపు తిప్పి దానిమీద తొడుగుతారు. అంతా అయ్యాక తలుపు కింద గడప దగ్గర చిన్న లోహపు బిళ్ల బిగిస్తారు. ఆ బిళ్ల మీద షెడ్డు పేరు ఒక్కటే ఉంటుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసే జనానికీ బాడీ కట్టిన లండన్ బార్కర్ కంపెనీ పేరే వినిపిస్తుంది.

కాబట్టి గీసినవాడి జాడ తీయాలంటే రెండు ఆధారాలు కావాలి. ఒకటి ఆకారం, రెండోది కాగితం. పూర్తూ షెడ్డు నుంచి 1934 తర్వాత వచ్చిన కార్లలో కొన్నిటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చెయ్యి కనపడుతుంది. ప్యూజో, లాన్సియా, 1937 పారిస్ ప్రదర్శన నాటి డెలాజ్ డి8-120 ఏరో కూపే, 1938 టాల్బో-లాగో, అన్నిటికీ అద్దం బాగా వెనక్కి వాలి ఉంటుంది. కప్పు ఎక్కడా విరగకుండా తోకదాకా ఒకే ఊపున దిగుతుంది. వాటి ఛాసిస్‌లు వేరు, యజమానులు వేరు, గీత మాత్రం ఒకరిది. ఆ ఒక్కరెవరో చెప్పే కాగితం ఒక పేటెంటు. దానిమీద జార్జ్ పోలాన్ అని ఉంది.

1902లో పారిస్‌లో పుట్టిన పోలాన్ కార్ల కంపెనీ మనిషి కాదు, ఇంజనీరూ కాదు. ఆయన వృత్తి దంతవైద్యం. పళ్లు కట్టే పనిలో ఉంటూనే కార్ల బొమ్మలు గీసేవాడు. నోట్లో అమరే కట్టుడు పన్ను వెంట్రుకవాసి తేడా ఉన్నా పనికిరాదు. అలాంటి కొలతలకు అలవాటుపడ్డ చేతులకు కారు పైకప్పు చిక్కు ఆకర్షణగా తోచడంలో వింత లేదని నాకనిపిస్తుంది.

ఆ చిక్కు ఇదీ. అప్పట్లో కప్పు తెరుచుకునే కారు అంటే గుడ్డ కప్పే. వానకు కారుతుంది, గాలికి టపటపలాడుతుంది, మడిచి విప్పడం పెద్ద తంటా. గట్టి కప్పు కావాలంటే ఎండాకాలంలోనూ దానికిందే కూర్చోవాలి. అమెరికాలో బెన్ ఎల్లర్‌బెక్ అనే ఆయన 1922లోనే రేకు కప్పును వెనక్కి జరిపే ఏర్పాటు ఒకటి చేశాడు గానీ అది మార్కెట్టుకు రాలేదు. 1930ల మొదట్లో పోలాన్ పేటెంటు తీసుకున్న పద్ధతికి ఎక్లిప్స్ అని పేరు పెట్టాడు. అందులో కారు వెనక డిక్కీ మూత తోకవైపు కీళ్ల మీద వెనక్కి తెరుచుకుంటుంది. ముందు అద్దం పైఅంచున ఉన్న కొక్కేలు విప్పితే ఉక్కు కప్పు మొత్తం ఒకే ముక్కగా లేచి, వెనక్కి జరిగి డిక్కీలోకి దిగుతుంది. మూత మళ్లీ పడుతుంది. బయటినుంచి చూస్తే అక్కడ కప్పు అనేది ఎప్పుడైనా ఉండేదా అనిపించేంత శుభ్రంగా ఉంటుంది.

మడతలు లేని కప్పు డిక్కీలో పట్టాలంటే కప్పు పొట్టిగా ఉండాలి, తోక పొడుగ్గా ఉండాలి. ఈ కార్ల వెనకభాగం అంత నిడివిగా సాగడానికి కారణం అదే. చూడ్డానికి సోకుగా కనిపించే ఆ తోక నిజానికి కప్పు దాచుకునే పెట్టె.

ఈ ఆలోచనను నమ్మినవాడు పారిస్‌లో ప్యూజో కార్లమ్మే ఎమీల్ డార్ల్‌మా. కట్టిపెట్టగలిగినవాడు పూర్తూ. ముగ్గురూ కలిసి 1934లో ప్యూజో 401 మీద ఎక్లిప్స్ కప్పు బిగించారు. తర్వాత 601 వచ్చింది. ప్యూజో కంపెనీయే పేటెంటు కొనుక్కుని 402 మోడల్‌లో ఆ కప్పు పెట్టింది. మొదట కరెంటు మోటారుతో కదిలే కప్పు, ఆ తర్వాత చేత్తో కదిపే కప్పుగా మారింది. ఒక పళ్ల వైద్యుడి ఆలోచన ఫ్యాక్టరీ దాకా వెళ్లడానికి పట్టింది కొద్ది ఏళ్లే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ స్కైలైనర్ అంటూ రేకు కప్పు దాచుకునే కారు అమ్మడానికి 1957 రావాల్సి వచ్చింది.

ముగ్గురి స్నేహం అక్కడితో ఆగలేదు. ప్యూజో 302 ఛాసిస్ మీద పెద్దదైన 402 ఇంజను పెట్టించి, పోలాన్ గీసిన పొట్టి, నున్నటి బాడీ తొడిగి 1937లో డార్ల్‌మా లె మాన్ 24 గంటల పందేనికి మూడు కార్లు తీసుకెళ్లాడు. మూడూ గమ్యం చేరాయి, 7, 8, 10 స్థానాల్లో. మరుసటి ఏడు ఒక కారు 5వ స్థానంలో వచ్చి రెండు లీటర్ల తరగతిలో మొదటిదైంది. చరిత్రలో అవి డార్ల్‌మా ప్యూజోలు. అమ్మినవాడి పేరు నిలిచింది, గీసినవాడి పేరు నిలవలేదు.

బెంట్లీ కథ కూడా ఇలాగే మొదలైంది. అప్పటికి బెంట్లీ కంపెనీ రోల్స్‌రాయిస్ చేతిలో ఉంది. జర్మనీ, ఇటలీల్లో కొత్త పెద్దరోడ్లు పడ్డాయి. వాటిమీద గంటల తరబడి ఒకే వేగంతో పోయే కార్లకు గిరాకీ వచ్చింది. బెంట్లీ బాడీలు మాత్రం నిటారుగా, గోడల్లా ఉండేవి. ముందు నిలబెట్టిన రేడియేటరే కంపెనీ పరువన్నట్టు చూసుకునేవారు. పారిస్‌లో ఆ కంపెనీ ప్రతినిధి వాల్టర్ స్లీటర్ దీన్ని మార్చాలనుకున్నాడు. ఎంబిరికోస్ డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడు. పోలాన్ గీశాడు, 1938లో పూర్తూ కట్టాడు. పోలాన్ చేసిన పెద్ద సాహసం ఆ నిటారు రేడియేటరును తీసెయ్యడమే. దాని స్థానంలో గుండ్రంగా వెనక్కి వాలిన ముక్కు పెట్టాడు. వెనక చక్రాల మీద రేకు తెరలు కప్పాడు. వెనక అద్దాన్ని రెండుగా చీల్చి సన్నగా అమర్చాడు. పరువు పోయిందని కంపెనీ అలగలేదు. పోలాన్ చేతనే కార్నిష్ అనే కొత్త నమూనాకు బాడీ గీయించుకుంది. దాన్ని పారిస్‌లో వాన్‌వూరెన్ షెడ్డు కట్టింది.

1939 ఆగస్టులో ఫ్రాన్స్‌లో పరీక్షిస్తుండగా కార్నిష్‌కు ప్రమాదం జరిగింది. ఛాసిస్‌ను ఇంగ్లండు పంపేశారు. బాడీని దియెప్ రేవుకు చేర్చారు. యుద్ధం మొదలయ్యాక ఆ రేవు మీద పడ్డ బాంబుల్లో బాడీ నాశనమైంది.

జర్మన్లు ఫ్రాన్స్‌ను ఆక్రమించాక పోలాన్ బ్రిటన్‌కు రహస్య సమాచారం పంపే ప్రతిఘటన దళంలో చేరాడు. బుగాటీ రోయాల్‌కు బాడీ కట్టిన కెల్నర్ సంస్థ యజమాని జాక్ కెల్నర్ కూడా ఆయనతోనే ఉన్నాడు. 1941లో ఇద్దరూ పట్టుబడ్డారు. 1942 మార్చి 21న మోం వాలేరియన్ కోటలో ఇద్దరినీ కాల్చి చంపారు. పోలాన్‌కు నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ కోట గుట్ట పూర్తూ షెడ్డు ఉన్న రూయే మాల్‌మెజోన్‌ను ఆనుకునే ఉంటుంది. యుద్ధమయ్యాక ఫ్రాన్స్ ఆయనకు సైనిక పతకం, ప్రతిఘటన పతకం ఇచ్చింది.

ఆయన పేరు మరుగున పడటానికి ఈ మరణం ఒక్కటే కారణమని నేననుకోను. ఆయనకు సొంత షెడ్డు లేదు, సొంత బిళ్ల లేదు. ఏ కంపెనీ ఆఫీసులోనూ కుర్చీ లేదు. యుద్ధం తర్వాత బతికి ఉండి జ్ఞాపకాలు రాసుకున్నవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి. ఇక ఆయన తరఫున మాట్లాడటానికి మిగిలినవి కార్లే. 1949లో యుద్ధం తర్వాతి మొదటి లె మాన్ పందెంలో ఆ ఎంబిరికోస్ బెంట్లీ పరుగెత్తింది. అప్పటికి పదకొండేళ్ల పాత బండి, చేతులు మారి హే అనే కొత్త సొంతదారు దగ్గర ఉంది. ఆరో స్థానంలో వచ్చింది. 1950లోనూ, 1951లోనూ మళ్లీ వెళ్లి రెండుసార్లూ పందెం పూర్తి చేసింది. 1952లో బెంట్లీ తెచ్చిన ఆర్-టైప్ కాంటినెంటల్ తోక వాలు చూస్తే పోలాన్ గీత ఎంతదూరం పాకిందో కళ్లారా కనపడుతుంది.

2019లో బెంట్లీకి నూరేళ్లు నిండాయి. ఆ ఏడాది కంపెనీ కార్నిష్‌ను పాత డ్రాయింగుల ఆధారంగా మళ్లీ కట్టించి చూపించింది. చెక్క ఫ్రేము, సుత్తితో కొట్టిన అల్యూమినియం రేకులు, అంతా పాత పద్ధతిలోనే. ఆ కారును జనానికి పరిచయం చేసేటప్పుడు కట్టిన షెడ్డుగా వాన్‌వూరెన్ పేరు, గీసినవాడిగా జార్జ్ పోలాన్ పేరు రెండూ కలిపి చెప్పారు.